మట్టికి తోడు

భువనేశ్వరి చేసిన తప్పు టిఫిను డబ్బాలో పట్టేంత చిన్నది. మూడు గిన్నెల డబ్బాలో అడుగు గిన్నెను కడిగి తుడిచి, అందులో ఒక గాజు సీసా పెట్టి, చుట్టూ దూది కుక్కి, పరిశోధన కేంద్రం గేటు దాటించింది. కాపలాదారు రోజూలాగే "ఏం కూరమ్మా ఈ దినం?" అని అడిగాడు. "ఉర్లగడ్డ" అంది. బంగాళాదుంప అనడం పూర్తిగా అబద్ధం కూడా కాదనుకుని, స్కూటరు మీద ఇంటికి వెళ్తూ దారిపొడుగునా తనలో తానే నవ్వుకుంది.

ఆ సీసాలో ఉన్నది ఆరేళ్ళ పని. గాలి నిండా నత్రజని ఉన్నా మొక్క దాన్ని నేరుగా తీసుకోలేదు. కంది, వేరుశనగ లాంటి మొక్కల వేళ్ళలో కాపురముండే సూక్ష్మజీవులు ఆ పని చేసిపెడతాయి. బంగాళాదుంపకు అలాంటి చుట్టాలు లేరు. అందుకే దానికి మూటలకు మూటలు యూరియా కావాలి. భువనేశ్వరి మట్టిలోంచి ఒక సూక్ష్మజీవిని పట్టి, దాన్ని బంగాళాదుంప వేళ్ళకు అలవాటు చేసింది. మొదట్లో అది సోమరిగా ఉండేది. చుట్టూ కాస్త నత్రజని చేరగానే పని ఆపేసేది. నాలుగేళ్ళు తంటాలు పడి, అలా ఆపేసే గుణాన్ని దాని జన్యువుల్లోంచి తీసేసింది. ఆ తర్వాత గాజుగదిలోని కుండీల్లో మొక్కలు గింజెడు ఎరువు లేకుండా నడుం ఎత్తుకు లేచాయి. గడ్డలు కుండీల అంచులు పగలదీశాయి.

కేంద్రానికి పెద్ద, డాక్టర్ ఏకాంబరం గారు, ఆ పగిలిన కుండీల దగ్గర చాలాసేపు నిలబడ్డారు.

"ఇది పని ఆపదు కదమ్మా. గడ్డలు తవ్వేసినాక ఏం చేస్తుంది?"

"చచ్చిపోతుంది సార్. వేళ్ళ నుంచి వచ్చే చక్కెరే దానికి తిండి. మొక్క తీసేసిన నలభై రోజులకు కుండీల్లో ఒక్కటి కూడా మిగల్లేదు."

"కుండీల్లో ఉండేది మనం ఆవిరి పట్టి ఉడికించిన మట్టి. ఊర్లో మట్టి అట్లుండదు. ఇంకో రెండు వానాకాలాలు కంచె లోపల, నేలలో వేసి చూద్దాం. ఆ పైన అనుమతికి రాద్దాం."

రెండు వానాకాలాలంటే రెండేళ్ళు. ఆ తర్వాత అనుమతులకు మరో మూడేళ్ళు. భువనేశ్వరికి అప్పటికి ముప్పై నాలుగేళ్ళు. తన చేత్తో చేసినది నిజమైన నేలలో ఎలా పెరుగుతుందో చూడాలన్న ఆత్రం ఆమెను నిలవనీయలేదు. రెండు వారాలకు సీసా టిఫిను డబ్బాలోకి చేరింది.

పలమనేరు ఎగువన, కొండవాలులో ఉన్న చిన్నేరిమిట్ట వాళ్ళ ఊరు. నూటపాతిక గడపలుంటాయి. భూమిలో ఇరవై అడుగులకే నీళ్ళు తగులుతాయి కాబట్టి ప్రతి పెరట్లోనూ ఒక చేదబావి. భువనేశ్వరి తల్లి ధనభాగ్యం ఆ ఊరి అంగన్‌వాడీ టీచరు. భర్త పోయిన తర్వాత కూతురూ తానూ ఆ ఊళ్ళోనే ఉంటున్నారు. ధనభాగ్యానికి ఒక పంతం ఉండేది. వంటింట్లో మొలకలొచ్చిన గడ్డల్ని ప్రతి కార్తీకంలోనూ పెరట్లో పాతేది. మాఘంలో తవ్వితే గోలీలంత గడ్డలు వచ్చేవి. పశువులు లేవు కాబట్టి పేడ లేదు. నాలుగు సాళ్ళ కోసం యూరియా మూట తెచ్చేవాళ్ళు ఎవరూ ఉండరు.

"అంగన్‌వాడీ పిల్లోళ్ళకు పప్పులో నాలుగు గడ్డలేద్దామంటే, ఇవి పిల్లోళ్ళు ఆడుకునేదానికి పనికొస్తాయి" అనేది.

సీసా చూసి, "ఇదేందిమే?" అని అడిగింది.

"పాలకు తోడు వేస్తావు కదమ్మా, పెరుగయ్యేదానికి. ఇది మట్టికి తోడు."

ధనభాగ్యం ఇంకేమీ అడగలేదు. తోడు అంటే ఏమిటో ఆమెకు తెలుసు. రెండేసి కండ్లు ఉండేలా గడ్డల్ని కోసి, కోతకు బూడిద అద్ది ఆరబెట్టింది. భువనేశ్వరి సీసాలోని ద్రవాన్ని బకెట్టు నీళ్ళలో కలిపి, ముక్కల్ని ముంచి తీసి ఇచ్చింది. ఇద్దరూ కలిసి బావి పక్కన నాలుగు సాళ్ళు నాటారు. బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, ఇంట్లో ఏ కడుగునీళ్ళయినా రోజూ ఆ సాళ్ళలోకే పోయేవి. పెరడు ఉన్న ఏ ఇంట్లో అయినా అంతే.

మాఘంలో తవ్వినప్పుడు ధనభాగ్యం మట్టిలో కూర్చుండిపోయింది. ఒక్కో మొక్క కింద కిలోకు తక్కువ లేదు. చేతికి అందినదాన్ని చీరకొంగుతో తుడిచి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతుల్లో పట్టుకుంది.

"ఎరువు లేకుండానేనా భువనా?"

"లేకుండానే."

వారం తిరక్కుండా పక్కింటి రెడ్డిరాణికి నాలుగు విత్తనపు గడ్డలు, ఎదురింటికి నాలుగు, దిగువ వీధికి ఒక బుట్టెడు వెళ్ళాయి. గడ్డలతో పాటు సాళ్ళలోంచి తలా ఒక దోసెడు మట్టి. భువనేశ్వరి సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆ పని అయిపోయింది.

"అమ్మా, నన్నొక మాట అడగకుండా ఎందుకిచ్చావు?"

"తోడు ఎవురైనా దాచుకుంటారామే? అడిగినోళ్ళకంతా ఇచ్చేదే గదా."

అప్పుడైనా ఇంటింటికీ వెళ్ళి ఆ మట్టిని వెనక్కి తెచ్చుకోవచ్చు. రాత్రి పడుకునే ముందు ఆ మాట ఆమె అనుకుంది కూడా. కానీ తెల్లారితే రెడ్డిరాణి గోడ మీదుగా "అక్కా, నీ గడ్డలు యాడ నాటాలో రొంత చూపిద్దువు రా" అని పిలిచింది. వీధిలో ఎదురైన ముసలివాళ్ళు చేతులు ఎత్తి దీవించారు. ఆరేళ్ళుగా గాజుగదిలో ఒంటరిగా పనిచేసిన మనిషికి ఆ పిలుపులూ ఆ దీవెనలూ చాలా తియ్యగా ఉన్నాయి. ఏడాది తిరిగేసరికి ఊళ్ళో తొంభై పెరళ్ళలో బంగాళాదుంపలు పండుతున్నాయి. ఏకాంబరం గారి ఇంటికి కూడా ధనభాగ్యం ఒక సంచెడు పంపింది.

ఒక హెచ్చరిక మాత్రం వచ్చింది. ఆ ఏడు చైత్రంలో, ఎండ నిప్పులు చెరుగుతున్న రోజుల్లో, ధనభాగ్యం కూతుర్ని బావి దగ్గరికి పిలిచింది. "ఈ గరిక చూడుమే. గడ్డలు తవ్వి రెండు నెలలాయె. ఎంత నల్లగా ఉండాదో చూడు" అంది మురిసిపోతూ.

బావి చుట్టూ గరిక నలుపు తిరిగిన పచ్చదనంతో ఉంది. అరటాకులూ అంతే. భువనేశ్వరికి ఆ రంగు అర్థం తెలుసు. అది నత్రజని మితిమీరిన నేల రంగు. అంటే మొక్కలు లేకపోయినా సూక్ష్మజీవి చావలేదు. ఒక పిడికెడు మట్టి తీసుకెళ్ళి సూక్ష్మదర్శిని కింద పెట్టి ఉంటే గంటలో తేలిపోయేది. కానీ ఆ మట్టి ఎక్కడిదని కేంద్రంలో అడుగుతారు. ఆమె ఫోనుతో గరికను ఒక ఫోటో తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ పై కార్తీకంలో వానలు దంచికొట్టాయి. రెడ్డిరాణికి ఆడపిల్ల పుట్టి అప్పటికి నెల. జోషిత అని పేరు పెట్టుకున్నారు. పెళ్ళయిన ఆరేళ్ళకు పుట్టిన బిడ్డ. రెడ్డిరాణి భర్త పాలవ్యాను నడుపుతాడు. ఊరంతటికీ పాలు మోసే ఇంట్లో తల్లికి మాత్రం పాలు చాల్లేదు. డబ్బాపాలు పట్టాల్సి వచ్చింది.

ధనభాగ్యం ఆ ఇంటికి రోజూ వెళ్ళేది. సీసా ఎలా ఉడకబెట్టాలో, పొడి ఎన్ని చెంచాలు వేయాలో చూపించింది.

"నీళ్ళు ఎంతసేపు కాంచాల పెద్దమ్మా?" అని రెడ్డిరాణి అడిగింది.

"బుడగలొచ్చినాక పది నిమిషాలు. వానలు గదా, ఇంగ రొంచేపు పెట్టినా మేలే."

మూడో నెల వచ్చేసరికి బిడ్డ ఒళ్ళు కమిలినట్టు కనిపించసాగింది. ఒకరోజు ఉదయం పెదవులు నేరేడుపండు తిన్నట్టు ఉన్నాయి. పాలవ్యానులోనే పట్నంలోని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మధ్యాహ్నానికి బిడ్డ పోయింది. పుట్టుకతోనే గుండెలో ఏదో లోపం ఉండి ఉంటుందని అక్కడ చెప్పారు. ఇంకేం పరీక్షించడానికీ వ్యవధి లేకపోయింది.

ఆ ఇంట్లో మూడు రోజులు పొయ్యి వెలిగించలేదు. అన్నం ధనభాగ్యం ఇంటి నుంచే వెళ్ళింది. అన్నంతో పాటు ఉర్లగడ్డ పులుసు. గిన్నె మోసుకెళ్ళింది భువనేశ్వరే. రెడ్డిరాణి గోడకు ఆనుకుని కూర్చుని, "దేవుడు చూపిచ్చి తీసుకున్నాడక్కా" అంది. భువనేశ్వరి ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఏమీ తోచని దుఃఖం అది. అప్పటికి ఆమెకు నిజంగానే ఏ అనుమానమూ రాలేదు.

పుష్యమాసంలో ఒక మధ్యాహ్నం భువనేశ్వరి ప్రయోగశాలలో ఉండగా తల్లి ఫోన్ చేసింది. గొంతులో ఆయాసం.

"దిగువ వీధి షబానా కొడుక్కి అట్లే అయ్యింది భువనా. ఒళ్ళంతా నీలం. మన పీహెచ్‌సీ డాక్టరమ్మ బలే తెలివైంది. బిడ్డ నెత్తురు ఒక చుక్క తెల్లకాయితం మీద పెట్టి, పక్కన తన నెత్తురు ఒక చుక్క పెట్టింది. ఆయమ్మది ఎర్రగా ఉండాది, బిడ్డది కాఫీ డికాషన్ మాదిరి. గాలి తగిలినా ఎరుపెక్కలేదు. వెంటనే అంబులెన్సులో పెద్దాసుపత్రికి తోడుకోని పొయ్యి, నీలం రంగు సూది మందు ఏపిచ్చింది. అర్ధగంటలో బిడ్డ తెల్లగా అయి ఏడ్చినాడు. బతికినాడమ్మా."

"ఎందుకలా అయ్యిందన్నారు?"

"నీళ్ళల్లో ఏందో ఉండాదంట. మీ బావుల కాడ ఎరువు మూటలేమన్నా పెట్టినారా అని అడిగింది. నేను నగినా. మా ఊర్లో ఇండ్లల్లో ఎరువు వాసనే లేదమ్మా, నా కూతురు పుణ్యమా అని చెప్పినా."

భువనేశ్వరి చేతిలోని ఫోను బల్ల మీద పెట్టింది. అందులోంచి తల్లి గొంతు "భువనా, ఉండావా?" అని వినిపిస్తూనే ఉంది.

ఆ సాయంత్రం లోపలే పదకొండు బావుల నీళ్ళు సీసాల్లో పట్టుకొచ్చి పరీక్ష పెట్టింది. తాగేనీళ్ళలో నైట్రేటు లీటరుకు నలభై ఐదు మిల్లీగ్రాములు దాటకూడదు. వాళ్ళ పెరటి బావిలో రెండువందల తొంభై ఉంది. రెడ్డిరాణి బావిలో మూడువందల నలభై. సూక్ష్మజీవి ఆపకుండా తయారు చేసిన నత్రజనిని మట్టి నైట్రేటుగా మార్చింది, వాన దాన్ని బావిలోకి దించింది. పెద్దవాళ్ళ ఒళ్ళు దాన్ని కొంతవరకు తట్టుకుంటుంది. పాలు తాగే బిడ్డల నెత్తురు తట్టుకోలేదు, ప్రాణవాయువు మోయలేక నల్లబడుతుంది.

షబానా వంటింట్లోని ఫ్లాస్కులోంచి తెచ్చిన కాచిన నీళ్ళను ఆఖరున పరీక్షించింది. నాలుగువందల అరవై. కాచినప్పుడు నీరు ఆవిరై పోతుంది కానీ నైట్రేటు పోదు. కాచేకొద్దీ చిక్కబడుతుంది. ఆ అంకె ముందు కూర్చున్నప్పుడు ఆమెకు జోషిత పాలసీసా గుర్తొచ్చింది, దాన్ని ఎలా ఉడకబెట్టాలో చూపించిన తల్లి చేతులూ గుర్తొచ్చాయి.

మరునాడు ఉదయం ఏకాంబరం గారి గదిలోకి వెళ్ళి, టిఫిను డబ్బాతో మొదలుపెట్టి అంతా చెప్పింది. ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి విన్నారు.

"మట్టిలో మొక్క లేకున్నా ఎట్లా బతికింది?" అని మాత్రం అడిగారు.

"కడుగునీళ్ళు సార్. గంజి, బియ్యం కడిగిన నీళ్ళు. మన కుండీల్లో ఎప్పుడూ పోయలేదు."

తర్వాత ఆ పరీక్ష కూడా చేసి చూశారు. ఉడికించని మట్టితో ఒక కుండీ, రోజుకొక చెంబు బియ్యం కడిగిన నీళ్ళు. నలభై రోజుల తర్వాత సూక్ష్మజీవి చావలేదు సరికదా, వందరెట్లయింది. ఆ పరీక్షకు ఆరేళ్ళ చదువు అక్కర్లేదు. ఊళ్ళో ఏ ఆడమనిషిని అడిగినా, పెరట్లో ఏం పోస్తారో చెప్పి ఉండేది.

"మీ అమ్మ పంపించిన గడ్డలు నేనూ తిన్నాను" అన్నారు ఏకాంబరం గారు. "అంతలేసి గడ్డలు ఎట్లా పండినాయని నేను అడగాల్సింది. నాకు అనుమానం వచ్చింది. అయినా అడగలేదు. ముందు పిల్లల సంగతి చూడు. నివేదిక మీద నా సంతకం కూడా ఉంటుంది."

ఆయనా, డాక్టరమ్మా, భువనేశ్వరీ కూర్చుని ఊరికి చెప్పాల్సిన మాటలు రాశారు. రాసింది భువనేశ్వరి చేత్తోనే. 'బావినీళ్ళు పసిపిల్లలకు పట్టకండి. గర్భిణులు తాగకండి. కాచినా లాభం లేదు. కాచితే విషం ఇంకా ఎక్కువవుతుంది. ట్యాంకరు నీళ్ళు మాత్రమే వాడండి.' మరుసటి రోజు పదకొండు గంటలకు మైకు కట్టిన ఆటో ఊళ్ళోకి వస్తుంది.

ఇంటికొచ్చి ఆ కాగితం తల్లికి చూపించింది. ధనభాగ్యం రెండుసార్లు చదువుకుంది. వేలు 'కాచితే' అన్న నాలుగో వాక్యం మీద ఆగిపోయింది.

"ఇది తీసేయి."

"తీయలేనమ్మా. భయంతో అందరూ నీళ్ళు ఇంకా ఎక్కువసేపు కాస్తారు. ఊళ్ళో పాలు తాగే బిడ్డలు ఇంకా తొమ్మిది మంది ఉన్నారు."

"రెడ్డిరాణి చదువుకున్న పిల్ల. ఇనిందంటే తెలుసుకుంటాది." ధనభాగ్యం గొంతు తగ్గించింది. "దేవుడు తీసుకున్నాడని ఎట్లనో కుదుట పడింది. తన చేత్తో కాంచి పోసిన నీళ్ళే అని తెలిస్తే బతుకుతాదా ఆ పిల్ల? కాంచమని చెప్పింది నేను. ఇంగ రొంచేపు పెట్టమని చెప్పింది నేను."

"తెలుసమ్మా."

"ముప్పై ఏండ్లు ఈ ఊర్లో బిడ్డల తల్లులకు ఇదే చెప్పినా. ఒక్కరికీ కీడు కాలేదు."

"నువ్వు చెప్పింది తప్పు కాదు. నీళ్ళను అలా చేసింది నేను."

ధనభాగ్యం కాగితాన్ని మడిచి కూతురి చేతిలో పెట్టింది. "అయితే మైకు రాకముందే నువ్వు పోయి చెప్పు. నాకు ధైర్యం లేదు" అంది.

తొమ్మిది గంటలకు భువనేశ్వరి పక్కింటికి వెళ్ళింది. రెడ్డిరాణి వసారాలో కూర్చుని చింతపండు కొట్టి గింజలు తీస్తోంది.

"రాక్కా, కూర్చో. చెయ్యి జిగురు, లేస్తే అంతా అంటుకుంటాది."

భువనేశ్వరి ఎదురుగా కూర్చుని చెప్పింది. గాజుగదిలో ఏం చేసిందో, అనుమతి లేకుండా ఎలా తెచ్చిందో, చైత్రంలో గరికను చూసి కూడా ఎందుకు ఊరుకుందో, బావుల్లో ఏం తేలిందో, ఒక్కటీ వదలకుండా చెప్పింది. మధ్యలో రెడ్డిరాణి చేతిలోని రాయి ఆగిపోయింది.

"అయితే గుండె కాదా?" అంది.

"కాదు. షబానా కొడుక్కి వచ్చిందే జోషితకూ వచ్చింది."

"ఆ పిలగోడికి సూదేస్తే బతికినాడు."

"అవును."

రెడ్డిరాణి రాయి కింద పెట్టి, రెండు చేతులూ చీరకు తుడుచుకుంది. చింతపండు జిగురు పోలేదు. మళ్ళీ తుడుచుకుంది.

"నేను నీళ్ళు ఊరికే ఇయ్యలేదక్కా. కాంచినా."

"తెలుసు."

"పెద్దమ్మ పది నిమిషాలు అనింది. నేను అర్ధగంట పెడ్తా ఉంటిని. గిన్నెలో సగానికి వచ్చేదాకా. ఆలస్యంగా పుట్టిన బిడ్డ గదా అని."

ఒక్క అబద్ధం చెప్పాలనిపించింది భువనేశ్వరికి. కాచడానికీ దానికీ సంబంధం లేదు అంటే సరిపోతుంది. కానీ పదకొండుకు ఆటో వస్తుంది, ఆ మాట అరిచి చెబుతుంది.

"కాచేకొద్దీ నీళ్ళలో అది చిక్కబడింది" అంది. "కాచకపోయినా ప్రమాదమే. మూడువందల నలభై ఉంది మీ బావిలో. తప్పు నీది కాదు రాణీ. నాది."

"తప్పు ఎవురిదని నేను అడగలేదు."

ఎదురింటి కోడి వసారాలోకి వచ్చి చింతగింజలు కెలికింది. ఇద్దరూ దాన్ని తోలలేదు.

"ఈ మాట మైకులో గూడా చెప్తారా?"

"చెప్తారు. మా అమ్మ వద్దంది. కానీ చెప్పకపోతే మిగతా బిడ్డలకు ప్రమాదం."

"చెప్పాల్సిందే." రెడ్డిరాణి ఆమె ముఖంలోకి చూసింది. "అందుకే ముందుగా వచ్చినావా?"

"అవును."

"మైకు రాకుంటే వచ్చి ఉందువా?"

భువనేశ్వరి ఈ ప్రశ్న తప్ప అన్నిటికీ సిద్ధపడి వచ్చింది. వచ్చేదాన్నే అని నోటిదాకా వచ్చింది కానీ, ఆ మాట నిజమో కాదో ఆమెకే తెలియదు.

"నాకు తెలీదు రాణీ" అంది.

"ఇంగ పో అక్కా. జోషితోళ్ళ నాయన వచ్చే టయమయ్యింది. ఆయప్పకు నేనే చెప్పుకోవాల. మళ్ళ రాబాకు."

ఆ తర్వాత జరగాల్సినవన్నీ జరిగాయి. విచారణ సంఘం వచ్చింది. భువనేశ్వరి ఉద్యోగం పోయింది. కోర్టులో కేసు నడిచింది. ఏకాంబరం గారు పదవి వదులుకున్నారు. కేంద్రంలో మిగిలిన సీసాలన్నిటినీ కాల్చేశారు. ఊరి మట్టిలో ఉన్నదాన్ని కాల్చడానికి లేదు. దాన్ని ఆకలికి మాడ్చడం ఒక్కటే దారి. ప్రతి పెరట్లోనూ పచ్చని మొక్కన్నదే లేకుండా పీకేసి, నల్లటి ప్లాస్టిక్ పట్టాలు కప్పి, చుక్క కడుగునీరు పడకుండా కాలువలు తీశారు. కరివేపాకు చెట్లూ, అరటిపిలకలూ, మల్లెపొదలూ పోయాయి. తమ పెరట్లోని మల్లెను ధనభాగ్యం తన చేత్తోనే పీకింది. ఆ నెలలోనే అంగన్‌వాడీ తాళంచెవి అప్పగించేసింది. "బిడ్డల తల్లులు ఏమన్నా అడిగితే నాకు నోరు రావడం లేదు" అంది. ఎవరూ ఆమెను ఏమీ అనలేదు. అయినా ఆమె ఆ వీధిలో నడిచేటప్పుడు తల ఎత్తేది కాదు.

భువనేశ్వరిని ఊళ్ళోంచి వెళ్ళిపొమ్మని కొందరన్నారు. వెళ్ళలేదు. డాక్టరమ్మ ఒక పాత పరీక్ష యంత్రం ఇప్పించింది. ప్రతి సోమవారం ఇంటింటికీ తిరిగి బావినీళ్ళు తెచ్చి పరీక్షించి, అంకెలు పంచాయతీ గోడ మీద రాయడం ఆమె పని అయింది. జీతం లేదు. పొద్దున కొందరు పిల్లలకు లెక్కలు చెప్పి బతికేది. కొన్ని ఇళ్ళ వాళ్ళు తలుపు తీసి సీసా ఇచ్చేవాళ్ళు. కొన్ని ఇళ్ళ వాళ్ళు తిట్టి ఇచ్చేవాళ్ళు. రెడ్డిరాణి ఇంట్లోంచి ఎవరూ బయటికి వచ్చేవారు కాదు. సోమవారం పొద్దునకు ఆ ఇంటి పిట్టగోడ మీద మాత్రం నింపిన సీసా ఒకటి ఉండేది. భువనేశ్వరి దాన్ని తీసుకుని, ఖాళీ సీసా పెట్టి వెళ్ళేది. రెండువందల సోమవారాలు అలాగే గడిచాయి. మూడువందల నలభై కాస్తా రెండువందలయింది, నూటపది అయింది, అరవై దగ్గర ఏడాది మొండికేసింది.

నాలుగో ఏడు వానలు వెనకబట్టాక రెడ్డిరాణి బావిలో ముప్పై ఎనిమిది వచ్చింది. వరసగా మూడు వారాలు నలభై ఐదు లోపల ఉంటే ఆ బావి తాగడానికి పనికొస్తుందని నిబంధన. మూడో వారం భువనేశ్వరి సీసా తీసుకెళ్ళి ఊరుకోలేదు. సాయంత్రం మళ్ళీ వచ్చి గోడ బయట నిలబడి, "రాణీ" అని పిలిచింది.

రెడ్డిరాణి బయటికి వచ్చింది. చిక్కిపోయింది. భువనేశ్వరి చేతిలోని కాగితం తీసుకుని, మూడు వారాల అంకెలూ చూసింది.

"తాగొచ్చా?"

"తాగొచ్చు."

"బిడ్డలకు గూడానా?"

"బిడ్డలకు కూడా."

రెడ్డిరాణి బావి దగ్గరికి వెళ్ళి చేద వేసింది. నాలుగేళ్ళుగా సీసా కోసం తప్ప తిరగని గిలక కీచుమంది. బకెట్టు పైకి లాగి, ఒక గ్లాసు ముంచుకొచ్చి, గోడ మీదుగా భువనేశ్వరికి అందించింది. భువనేశ్వరి ఆగకుండా తాగింది. ఖాళీ గ్లాసు తిరిగిచ్చేదాకా రెడ్డిరాణి ఆమె గొంతు వైపే చూస్తూ ఉంది.

"ఇంగ సోమవారం రావా?"

"నిబంధన ప్రకారం అవసరం లేదు."

"నీ నిబంధన నాకు తెలీదు." రెడ్డిరాణి గొంతులో కోపం లేదు, మెత్తదనమూ లేదు. "నేను సీసా పెడ్తా. వచ్చి తీసుకోని పో. నాకు నమ్మకం కుదిరిన దినం పెట్టను. అందాక రా."

"వస్తాను" అంది భువనేశ్వరి.

రెడ్డిరాణి లోపలికి వెళ్ళిపోయింది. బకెట్టులో మిగిలిన నీళ్ళు ఆమె తాగలేదు, పారబోయనూ లేదు.

సోమవారం పొద్దున పిట్టగోడ మీద సీసా ఉంది. మెడదాకా నింపి, మూత గట్టిగా బిగించి. ఆ పై సోమవారం కూడా ఉంది.